చార్లెసు ఫిలిప్పు బ్రౌను దొర

తెలుగు పదమునకు అర్థము తోపనప్పుడు మేము బ్రౌణ్య నిఘంటువును తెరచుచుందుము. దానిని కూర్చినవాడు తెలుగువాడు కాడు. పందొమ్మిదేండ్ల ప్రాయమున గాని తెలుగు నేర్వ నారంభింపలేదు. అట్టివాడు మన గ్రంథములను కాపాడి, జనులచేత నెట్లు చదివించెనో యిచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

బ్రౌను 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను అచట క్రైస్తవ మతాచార్యుడు, బహుభాషాభిమాని. ఆయన 1812లో గతించెను. కుమారుడు 1817లో మద్రాసు చేరి, కంపెనీ కొలువునకై వెలగపూడి కోదండరామ పంతులుగారి యొద్ద తెలుగు ప్రారంభించెను. 1820లో కడపకు ఉద్యోగియై వచ్చెను.

ఆ దినములలో మన కావ్యములు చాలవరకు తాటాకులయందే యుండెను. ఒక ప్రతికిని వేరొక ప్రతికిని పొత్తు కుదరదు; లేఖకుల తప్పులు మెండు; పురుగులపాలైనవి యనేకములు. అబ్బే దుబాయి గ్రంథమున వేమన ప్రస్తావనము చూచి, బ్రౌను 1824లో ఆ పద్యములకై వెదకెను. పండితులు పలువురు వేమనను కవిగా నెన్నకుండిరి. సామాన్యజనుల నోట నిలిచినవాడు కవి కాకుండునా యని బ్రౌను తలపు. 1829లో 693 పద్యములను ఇంగ్లీషు అనువాదముతో అచ్చొత్తించెను.

అచ్చొత్తినంతనే గ్రంథమునకు ప్రాణము రాదని ఆయన యెరుగును. పాఠము శుద్ధము కావలెను; చదువరికి అర్థము తెలియవలెను. అందుచే కడపలోని తన బంగళాయందే పండితులను నియమించి, పెక్కు ప్రతులను సరిచూపించి, వ్యాఖ్యానములు వ్రాయించెను. జూలూరి అప్పయ్యగారి వ్యాఖ్యతో వసుచరిత్రము 1844లోను, మనుచరిత్రము 1851లోను వెలువడెను. ఈ వ్యయమునకు సొంత జీతము చాలక ఆయన అప్పులపాలయ్యెను.

వ్యాకరణమునను ఆయన త్రోవ ఇట్టిదే. అంతకుముందటి వ్యాకరణములు సంస్కృత లక్షణమును మిక్కిలి యనుసరించెను. బ్రౌను 1840లో ప్రకటించిన తెలుగు వ్యాకరణమున కవుల ప్రయోగములతోపాటు జనుల వాడుకకును చోటిచ్చెను. అరసున్నను, బండిరను ఆయన అంతగా పాటింపకుండుట పండితులకు రుచింపలేదు. ఆ యాక్షేపణ నిర్హేతుకమని మేమనము. పూర్వకావ్యముల పాఠనిర్ణయమున ఆ గురుతులు అక్కరకు వచ్చును. కాని క్రొత్తగా నేర్చువానికి దారి సుగమము చేయుటయే ఆయన యుద్దేశము.

1834లో కొలువు పోయెను. మరుసటి యేట ఇంగ్లండు చేరినను పని మానలేదు. లండనులోని కంపెనీ గ్రంథాలయమున పడియున్న దక్షిణదేశపు వ్రాతప్రతులను కనుగొని, మద్రాసునకు పంపు నేర్పాటు గావించెను. మరల కొలువు దొరకి యిచటికి వచ్చి, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించెను. 1855లో స్వదేశమునకు మరలి, పిదప లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడై, 1884 డిసెంబరు 12న పరమపదించెను. కడపలో ఆయన నివసించిన స్థలమున నేడు ఆయన పేర గ్రంథాలయము వెలసియున్నది.

ఇంటి యటుకమీద తాటాకు కట్టలున్న విద్యార్థులు మనలో నుండవచ్చును. వానిని పొయ్యిలో వేయకముందు, ఒకడు అట్టి కట్టలకై అప్పు చేసెనని తలంతురు గాక.