సముద్రపు పోటు లెక్క చెప్పిన న్యూటన్

న్యూటన్ అనగానే మనకు ఆపిల్ పండు గుర్తుకొస్తుంది. హైస్కూల్లో ఆయన మూడు సూత్రాలు బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాం. కానీ ఆయన కాలేజీలో ఎలా చదివాడో మనకు ఎవరూ చెప్పలేదు. మాకు పీజీకి వచ్చాకే తెలిసింది.

అప్పటి ఇంగ్లండ్ క్యాలెండర్ ప్రకారం 1642 డిసెంబర్ 25న వూల్స్‌థార్ప్ అనే పల్లెలో పుట్టాడు. అప్పటికి మూడు నెలల ముందే తండ్రి చనిపోయాడు. ఆ తండ్రి రైతు, సంతకం కూడా రానివాడు. మూడేళ్ళప్పుడు తల్లి మారుమనువు చేసుకుని వెళ్తే అమ్మమ్మ దగ్గర పెరిగాడు. పెద్దయ్యాక తల్లే బడి మాన్పించి పొలం పనిలో పెట్టింది. మేనమామ, బడి పంతులు నచ్చజెప్పబట్టి మళ్ళీ చదువుకున్నాడు.

1661లో కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కాలేజీలో చేరాడు. సైజర్ అనే తరగతి విద్యార్థిగా చేరాడు. అంటే ఫీజు తగ్గింపు కోసం డబ్బున్న వాళ్ళకు వడ్డించాలి, వాళ్ళ పనులు చేసిపెట్టాలి. తల్లి పేదరాలేమీ కాదు, అయినా కొడుకు చదువుకు చెయ్యి విదల్చలేదు. (ఈ కుర్రాడే తోటివాళ్ళకు చిన్న చిన్న అప్పులిచ్చి లెక్క రాసుకునేవాడు!) 1664లో స్కాలర్‌షిప్ వచ్చాక ఆ చాకిరీ తప్పింది. 1669లో, ఇరవై ఆరేళ్ళకే, అక్కడే గణిత ప్రొఫెసర్ అయ్యాడు.

ఇక పోటు సంగతి. అమావాస్యకు, పున్నమికి సముద్రం ఎక్కువ పొంగుతుందని మన కోస్తా మిత్రులకు తెలుసు. చంద్రుడికీ పోటుకూ సంబంధం ఉందని పూర్వీకులకూ తెలుసు. అయితే ఒక చిక్కుంది. చంద్రుడు నీటిని లాగితే తానున్న వైపే కదా పొంగాలి? మరి రోజుకు రెండుసార్లు పోటు ఎందుకు?

1687లో వచ్చిన ప్రిన్సిపియా గ్రంథంలో దీనికి జవాబుంది. దూరం పెరిగేకొద్దీ ఆకర్షణ తగ్గుతుంది. చంద్రుడికి ఎదురుగా ఉన్న నీటిమీద లాగుడు ఎక్కువ, భూమి నడిబొడ్డు మీద కొంచెం తక్కువ, ఆవలివైపు నీటిమీద ఇంకా తక్కువ. అందువల్ల ఇవతలి నీరు భూమికంటే ముందుకు జరుగుతుంది, ఆవలి నీరు వెనకబడుతుంది. రెండువైపులా ఉబ్బు వస్తుంది. భూమి తిరుగుతుంటే మన తీరం ఆ రెండింటినీ దాటుతుంది. ఈలోపు చంద్రుడూ కొంత జరుగుతాడు కాబట్టి పోటుకూ పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అమావాస్య, పున్నమిలకు సూర్యుడి లాగుడు కూడా అదే వరుసలో కలుస్తుంది. అష్టమి ప్రాంతంలో అడ్డంగా ఉంటుంది గనుక పోటు తగ్గుతుంది.

ఈ పుస్తకం అచ్చువేయడానికి రాయల్ సొసైటీ దగ్గర డబ్బు లేదు. చేపల గురించిన ఒక పెద్ద పుస్తకం మీద ఖర్చుపెట్టేసింది! హాలీ అనే శాస్త్రవేత్త తన జేబులోంచి పెట్టుకున్నాడు. ఆ హాలీని కూడా మనం గుర్తుపెట్టుకోవాలి.

న్యూటన్ చెప్పినదంతా సరిపోలేదు. పోటు విషయంలో చంద్రుడి బలం సూర్యుడికి నాలుగున్నర రెట్లని లెక్క వేశాడు, నిజానికి అది రెండు రెట్లకు కొంచెం ఎక్కువ. సముద్రం లోతునుబట్టి, తీరాలనుబట్టి నీరు ఎలా కదులుతుందో 1770ల్లో ఫ్రాన్స్‌కు చెందిన లాప్లాస్ లెక్క కట్టాడు. న్యూటన్ మెత్తని మనిషి కూడా కాదు, హుక్‌తోనూ లైబ్నిజ్‌తోనూ చివరిదాకా పడలేదు.

1727 మార్చిలో మరణించాడు. వెస్ట్‌మినిస్టర్ ఆబేలో సమాధి చేశారు. ఒకప్పుడు తోటి విద్యార్థులకు వడ్డించిన ఆయన శవపేటిక మీది వస్త్రాన్ని ఆ రోజు ఇద్దరు డ్యూకులు, ముగ్గురు ఎర్ల్‌లు, లార్డ్ ఛాన్సలర్ పట్టుకుని నడిచారు.