సగములో ఆగిన చదువు: హడ్సన్ టేలర్ విద్యార్థి జీవితము

ఇంగ్లాండు దేశములోని యార్క్‌షైర్ ప్రాంతమున బార్న్స్లీ అను ఊరు కలదు. అచ్చట మందుల దుకాణము నడుపుచు, ఆదివారములందు మెథడిస్టు సంఘములలో ప్రసంగించుచుండిన జేమ్స్ టేలర్ గారికి 1832 మే 21న ఒక కుమారుడు జన్మించెను. అతడే జేమ్స్ హడ్సన్ టేలర్. ఆయన స్థాపించిన చైనా ఇన్లాండ్ మిషను పేరు విననివారు తెలుగు సంఘములలో అరుదు. చైనీయుల దుస్తులు ధరించి ఆయన చేసిన సంచారములను గూర్చియు అనేకులు చదివియున్నారు. అయితే ఆయన లండనులో వైద్యవిద్యార్థిగా ఉండెననియు, ఆ విద్యను ముగింపకయే విడిచి ఓడ యెక్కెననియు, తొమ్మిది సంవత్సరముల తరువాత గాని దానిని పూర్తిచేయలేదనియు ఎరిగినవారు కొందరే.

పదునేడవ యేట, 1849 జూన్ నెలలో, తండ్రి పుస్తకములలో దొరికిన ఒక చిన్న కరపత్రము చదువుచు అతడు క్రీస్తును తన రక్షకునిగా అంగీకరించెను. ఆ గడియలోనే అనేక మైళ్ల దూరమునందున్న తల్లి అతని నిమిత్తము మోకాళ్లూని ప్రార్థించుచుండెనని తరువాత తెలిసెను. ఆ సంవత్సరాంతమునకే చైనా దేశమునకు వెళ్లవలెనను పిలుపు అతని హృదయములో స్థిరపడెను. ఒక సంఘకాపరియొద్ద మెడ్‌హర్స్ట్ అను మిషనెరీ చైనాను గూర్చి వ్రాసిన గ్రంథమును ఎరువు తెచ్చుకొని చదివెను. ఆ గ్రంథము వైద్యసేవ ద్వారా సువార్తకు కలుగు మేలును నొక్కి చెప్పినది. అతడు వైద్యమువైపు తిరుగుటకు కారణము ఇదియే.

నాటినుండి అతని దినములు కిక్కిరిసిపోయెను. తెల్లవారుజామున ఐదు గంటలకే లేచి చైనా భాషతో కుస్తీపట్టెను. వ్యాకరణము గాని నిఘంటువు గాని కొనుటకు శక్తి లేదు. చైనా భాషలోని లూకా సువార్త ప్రతి ఒకటి దొరకగా, ఇంగ్లీషు సువార్తను పక్కన పెట్టుకొని, ఒక వచనములోని ఏ గుర్తు మరియొక వచనములో తిరిగి వచ్చుచున్నదో వెదకి, వాటి అర్థమును ఊహించి వ్రాసికొనెను. ఈ విధముగా వందలకొలది గుర్తులు నేర్చెను. భాషాంతరీకరణ పనిలో చేయి పెట్టినవారికి ఈ శ్రమ ఎంతటిదో తెలియును. దీనితో పాటు గ్రీకు, లాటిను, వేదాంతశాస్త్రము, దుకాణములో తండ్రికి సహాయము, పేదల ఇండ్లకు వెళ్లుట. చైనాలో మెత్తని పరుపు దొరకదు గనుక తన ఈకల పరుపును కూడ తీసివేసెను.

1851 మే నెలలో అతడు హల్ అను రేవుపట్టణమునకు వెళ్లి, రాబర్ట్ హార్డీ అను వైద్యునియొద్ద సహాయకుడుగా చేరెను. కొంత కాలమునకు బంధువుల ఇంటిలోని సుఖమైన బస విడిచి, మురికికాలువ ఒడ్డున బీదలుండు పేటలో మూడు షిల్లింగుల అద్దెకు ఒక గది తీసికొనెను. ఓట్సు, బియ్యము ముఖ్యాహారముగా చేసికొని, వచ్చిన జీతములో మూడవ వంతు మాత్రమే తనకు వాడుకొని మిగిలినది ఇచ్చివేసెను. ఆ గదిలో విశ్వాసమునకు జరిగిన పరీక్షల కథలు ప్రసిద్ధములు గనుక వాటిని ఇచ్చట విడువవచ్చును.

1852 సెప్టెంబరులో ఇరువది యేండ్ల హడ్సన్ లండను చేరెను. వైట్‌ఛాపెల్ పేటలోని లండన్ హాస్పిటలులో చదువు. అతని ఖర్చులు తానే భరింతునని తండ్రి వ్రాసెను. అతనిని చైనాకు పంపదలచిన చైనా సువార్త ప్రచార సంఘమువారును ఖర్చు పెట్టుటకు సిద్ధపడిరి. అతడు ఇద్దరి సహాయమును నిరాకరించెను. తండ్రి, సంఘము సహాయము చేయుచున్నదని తలంచెను. సంఘమువారు, తండ్రి పోషించుచున్నాడని తలంచిరి. లోకములో మనుష్యుల సహాయము లేని దూరదేశమునకు వెళ్లబోవువాడు ఇంటియొద్దనే దేవునిమీద ఆనుకొనుట నేర్చుకొనవలెనని అతని ఉద్దేశము. ఉద్దేశము గొప్పదే. అయితే దాని బరువు ఒక సన్నని దేహము మీద పడినది.

అతని బస సోహో పేటలో. అచ్చటనుండి ఆసుపత్రికి నాలుగు మైళ్లు, తిరుగు ప్రయాణము నాలుగు మైళ్లు, కాలినడకనే. దారిలో ఒక రొట్టె కొని, దుకాణదారునిచేత రెండు ముక్కలు చేయించి, ఒకటి రాత్రికి, ఒకటి ఉదయమునకు ఉంచుకొనును. మధ్యాహ్నము కొన్ని ఆపిల్ పండ్లు. త్రాగుటకు నీళ్లు. పగలు ఉపన్యాసములు, వార్డులు, శవపరీక్ష గది; రాత్రి చదువు. ఇదిగాక ఇతరుల పనులును తలకెత్తుకొనెను. హల్‌లో అతనికి బస ఇచ్చిన ఇంటి యజమానురాలి భర్త ఓడ ఉద్యోగి. అతని జీతములో సగము నెలనెల లండనులోని ఓడల కంపెనీ కార్యాలయమునుండి తీసి, ఆమెకు పంపుట హడ్సన్ పని. ఆమెకు దళారి రుసుము మిగులునని అతడే పూనుకొనెను.

ఒక నెల అతడు ఒక స్కాలర్‌షిప్పు పరీక్షకు తీవ్రముగా చదువుచుండెను. పట్టపగలు నగరములోనికి వెళ్లి డబ్బు తెచ్చుటకు సమయము చిక్కలేదు. అందుచేత తన చేతిలోని కొద్దిపాటి సొమ్మునే ఆమెకు పంపి, తరువాత కార్యాలయమునుండి రాబట్టుకొందునని తలంచెను. తీరా వెళ్లగా, ఆ ఉద్యోగి ఓడ విడిచి బంగారు గనులకు పారిపోయెననియు, ఇక జీతము లేదనియు గుమాస్తా చెప్పెను. పంపిన సొమ్ము పోయినది. ఆ దినములలోనే, బహుశా ఆ సాయంకాలమే, ఉపన్యాసములు వ్రాసికొనుటకు కాగితములు కుట్టుచుండగా కుడిచేతి చూపుడువ్రేలికి సూది గ్రుచ్చుకొనెను. అతడు దానిని మరచిపోయెను.

మరునాడు శవపరీక్ష గదిలో, విషజ్వరముతో చనిపోయిన ఒకని దేహము బల్లమీద ఉండెను. చిన్న గీత తగిలినను ప్రాణాపాయమని ఎరిగి విద్యార్థులందరు మిక్కిలి జాగ్రత్తగా పనిచేసిరి. మధ్యాహ్నమునకు ముందే హడ్సన్‌కు వికారము కలిగినది. కొంత సేపటికి చేతిలోను ప్రక్కలోను భరింపరాని నొప్పి. పాఠము చెప్పు వైద్యుడు సంగతి విని, వెంటనే బండి కట్టించుకొని ఇల్లు చేరి వ్యవహారములు చక్కబెట్టుకొనుమనియు, అతడు ఇక బ్రదుకడనియు చెప్పెను. బండికి డబ్బు లేదు. నడువబోయి, శక్తి చాలక, ఒక ఆమ్నిబస్సు, తరువాత మరియొకటి ఎక్కి బసకు చేరెను. వేడినీళ్లు తెచ్చిన పనిమనిషితో క్రీస్తును గూర్చి మాటలాడి, తన వ్రేలిని తానే కోసి చెడురక్తమును తీసివేయ ప్రయత్నించి, మూర్ఛపోయెను.

మేనమామ తన వైద్యుని పిలిపించెను. ఆ వైద్యుడు రోగి జీవన విధానమును విచారించి, మితాహారము, మద్యము లేని అలవాటు అతనిని నిలువబెట్టవచ్చునని అభిప్రాయపడెను. ఇక మాంసము తిని బలము తెచ్చుకొనుమని ఆజ్ఞాపించెను. అదే విషము సోకిన మరి ఇద్దరు మరణించిరి. హడ్సన్ దినముల తరబడి మంచము పట్టి, బ్రదికెను. ఈ వృత్తాంతమును చెప్పువారు కొందరు రొట్టె ముక్కలను, ఆపిల్ పండ్లను మాత్రమే పొగడుదురు. ఆ ఆహారము రక్షించినదన్న వైద్యుడే దానిని ఆపుమని చెప్పెనను సంగతి కూడ చెప్పుట న్యాయము.

లేచి మెట్లు దిగుటకే మరియొకరి ఆసరా కావలసిన స్థితిలో, బార్న్స్లీకి వెళ్లుటకు చేతిలో డబ్బు లేక, అతడు ప్రార్థించెను. ఓడల కార్యాలయమునకు మరల వెళ్లవలెనని మనస్సున ప్రేరణ కలిగెను. ఆశ లేని చోటికి రెండు మైళ్లు నడచుట వెఱ్ఱితనముగా తోచినను, దుకాణముల కిటికీలయొద్ద ఆగుచు, ఆనుకొనుచు వెళ్లెను. అచ్చట గుమాస్తా అతనిని చూచి సంతోషించెను. పారిపోయినవాడు అదే పేరుగల మరియొక నావికుడని, ఆ ఉద్యోగి జీతము భద్రముగానే ఉన్నదని చెప్పి, డబ్బు లెక్కించి ఇచ్చి, భోజనము కూడ పెట్టెను. హడ్సన్ ఈ సంగతినంతయు ఆ వైద్యునికి వివరించెను. నమ్మకము లేని ఆ వృద్ధుని కన్నులు చెమర్చెను. తరువాత హడ్సన్ ఇల్లు చేరి తల్లి చేతిక్రింద కోలుకొనెను.

1853లో అతడు తిరిగి లండను వచ్చి చదువు సాగించెను. ఇంతలో చైనానుండి వార్తలు వచ్చెను. ఆ సంవత్సరము మార్చిలో తైపింగ్ తిరుగుబాటుదారులు నాన్కింగు నగరమును పట్టుకొనిరి. వారి నాయకుడు హుంగ్ సియుచువాన్ బైబిలును చేతబట్టినవాడని, విగ్రహములను కూల్చుచున్నాడని విని ఇంగ్లాండు క్రైస్తవలోకము పులకించెను. చైనా ద్వారములు ఒక్కసారిగా తెరువబడునని అనేకులు నమ్మిరి. జూన్ నెలలో సంఘ కార్యదర్శి చార్లెస్ బర్డ్ హడ్సన్‌కు వ్రాసి, ఆలస్యము చేయక బయలుదేరుమని ప్రోత్సహించెను.

డిప్లొమా ఇంకను చేతికి రాలేదు. ఇన్ని ఆకలిదినములు, ఇన్ని మైళ్ల నడక, మరణద్వారమువరకు తెచ్చిన ఆ శవపరీక్ష గది, అన్నియు ఆ ఒక్క పత్రము కొరకే. దానిని విడిచి వెళ్లినయెడల సగము వైద్యుడుగా వెళ్లవలెను. నిలిచినయెడల, ఎదురుచూచిన తలుపు మూతపడునేమో. అతడు సంగతిని తల్లికి వ్రాసి తలిదండ్రుల సలహా కోరెను; వారి సమ్మతి పొందెను. 1853 సెప్టెంబరు 19న లివర్‌పూల్ రేవులో డంఫ్రీస్ అను చిన్న ఓడ ఎక్కెను. ఆ ఓడలో అతడొక్కడే ప్రయాణికుడు. వయస్సు ఇరువదియొకటి. తల్లి ఓడగదిలోని పడకను తన చేతులతో సర్ది దిగిపోయెను.

అయిదున్నర నెలల ప్రయాణము తరువాత, 1854 మార్చి 1న షాంఘై చేరెను. అతనిని త్వరపెట్టిన ఆ ఆశ నెరవేరలేదు. తైపింగ్ నాయకుని బోధ వింతమార్గములు పట్టెను. యుద్ధము 1864 వరకు సాగి కోట్ల ప్రాణములను బలిగొనెను. పంపిన సంఘమువారు డబ్బు సరిగా పంపలేక అప్పులపాలయిరి; 1857లో ఆయన ఆ సంఘమునకు రాజీనామా ఇచ్చెను. ఇక విడిచివచ్చిన డిప్లొమా వెంటాడక మానలేదు. నింగ్పోలో బాలికల పాఠశాలలో బోధించుచుండిన మరియా డయర్‌ను ఆయన వివాహమాడ కోరినప్పుడు, పాఠశాల అధికారిణి మిస్ ఆల్డర్సీ తీవ్రముగా అడ్డుపడెను. అభిషేకము లేదు, పట్టా లేదు, సంఘపు అండ లేదు. ఇట్టివానికి పిల్లను ఇచ్చుటయా అని ఆమె వాదము. స్వదేశము వెళ్లి చదువు ముగించుకొని వచ్చినయెడల చూడవచ్చునని ఒక సూచన వచ్చెను. అందుకు ఇరువది యేండ్ల మరియా ఇచ్చిన సమాధానము గమనింపదగినది. పనికి మరింత ఉపయోగపడుటకై వెళ్లినయెడల తాను వేచియుందుననియు, తనను పెండ్లాడుటకు ఒక పేరు సంపాదింపవలెనని దేవుని పని విడిచిపోవుట సమ్మతము కాదనియు ఆమె తెలిపెను. చదువునకు రెండు వేర్వేరు కారణములుండునని ఆమె తేల్చినంత స్పష్టముగా ఆ వివాదములో మరి యెవ్వరును తేల్చలేదు. లండనులోని ఆమె మేనమామ అంగీకరింపగా, 1858 జనవరి 20న వారి వివాహము జరిగెను.

1859లో నింగ్పోలో ఆసుపత్రి నడుపుచుండిన డాక్టర్ విలియం పార్కర్ భార్యను పోగొట్టుకొని స్వదేశమునకు వెళ్లవలసి వచ్చెను. నిధులు లేకున్నను, పట్టా లేకున్నను, ఆ ఆసుపత్రి భారము టేలర్ మీద పడెను. ఆయన వెనుదీయలేదు. కొన్ని నెలలలో రోగులనేకులు స్వస్థత పొందిరి, పలువురు బాప్తిస్మమును తీసికొనిరి. కాని ఆసుపత్రి, సంఘము, ప్రసంగములు అన్నియు ఒక్కని భుజములమీద నిలువలేదు. 1860లో ఆరోగ్యము పూర్తిగా చెడి, ఆయన భార్యాబిడ్డతో ఇంగ్లాండునకు తిరిగివచ్చెను. మరల చైనా చూచుట కల్ల అని వైద్యులు తలంచిరి.

అప్పుడాయన వైట్‌ఛాపెల్‌లో, ఆ పాత ఆసుపత్రికి సమీపముననే ఇల్లు తీసికొని, ముప్పదికి చేరువైన వయస్సులో, తిరిగి విద్యార్థుల బల్లమీద కూర్చుండెను. ఈసారి పేరు కొరకు కాదు. పట్టా లేక ఒక ఆసుపత్రి నడిపినవానికి పట్టా విలువ తెలియును. 1862లో రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ సభ్యత్వము పొందెను. ప్రసూతివైద్యములోను యోగ్యతాపత్రము సంపాదించెను.

బల్లమీద మరియొక పని కూడ ఉండెను. నింగ్పో మాండలికములో రోమను లిపితో వ్రాయబడిన క్రొత్త నిబంధనను ఆయన ఫ్రెడరిక్ గఫ్ గారితో కలసి సవరించుచుండెను. చైనానుండి వెంటవచ్చిన వాంగ్ లైజున్ వారికి తోడు. వేలకొలది చైనా గుర్తులు నేర్వలేని బీదవారును స్త్రీలును ఈ లిపిని సులభముగా చదువగలరు. ఆయన 1863 నాటి దినచర్య పుస్తకములో ఆ పనికి ఒకనాడు తొమ్మిదిన్నర గంటలు, ఒకనాడు పదకొండు గంటలు, ఒకనాడు పదమూడు గంటలు అని లెక్కలున్నవి. మితము ఆయన ఎన్నడును నేర్చుకొనలేదనిపించును. అయితే ఆ గదిలో గోడకు చైనా పటము వ్రేలాడుచుండెను. పదములను తూచుచు తలయెత్తినప్పుడెల్ల, సువార్త చేరని లోపలి రాష్ట్రములు కంటబడుచుండెను. 1865 జూన్ 25న బ్రైటన్ సముద్రతీరమున ఆయన చేసిన ప్రార్థన, తరువాత పది పౌన్లతో మిషను పేరిట తెరచిన బ్యాంకు ఖాతా, ఆ గోడమీది పటమునుండియే పుట్టినవి. బలవంతముగా వచ్చిన ఆ విరామము లేనియెడల చైనా ఇన్లాండ్ మిషను ఉండియుండునా అన్నది ఆలోచింపదగిన సంగతి.

1866 మే 26న లామర్మూర్ ఓడలో ఆయన కుటుంబముతోను సహాయకులతోను తిరిగి చైనాకు బయలుదేరెను. 1867లో హాంగ్చౌలో ఆయన వైద్యశాలకు ఒక్కొక్క దినము రెండువందల మందికి పైగా రోగులు వచ్చిరి. ఆ వేసవిలోనే ఎనిమిదేండ్ల కుమార్తె గ్రేస్ మెదడుజ్వరముతో మరణించెను. తండ్రి వైద్యుడే, అయినను నిలుపలేకపోయెను. మరియా 1870లో కన్నుమూసెను. 1900 బాక్సరు తిరుగుబాటులో మిషనుకు చెందిన 58 మంది పెద్దలు, 21 మంది పిల్లలు హతులైరి. ఆ వార్తలు స్విట్జర్లాండులో రోగియై యుండిన ఆయనకు చేరెను. 1905 జూన్ 3న చాంగ్షాలో ఆయన మరణించెను. చెంకియాంగ్‌లో మరియా సమాధి ప్రక్కనే ఆయనను పాతిపెట్టిరి.

పట్టా పొందిన 1862లోనే ఆయనకు హోవార్డ్ అను కుమారుడు పుట్టెను. అతడును లండన్ హాస్పిటలులోనే వైద్యము చదివెను. ఆ చదువంతయు ముగించి, 1888లో చైనాకు వెళ్లెను.