ఇంజను నాడి తెలిసిన నాయుడుగారు

బాన్సువాడ చుట్టును నిజాంసాగరు కాలువల నీటితో వరి పండు పొలములు కలవు. ఆ ఊరి బస్సు స్టాండులోగాని, రోడ్డు ప్రక్కన బండ్లు బాగుచేయు కొట్టు వద్దగాని కొంతసేపు నిలిచి చెవియొగ్గినచో ఒక సంగతి తెలియును. బండి కదలక నిలిచియుండును. లోపల ఇంజను మాత్రము తిరుగుచునేయుండును. దీనిని మెకానిక్కులు ఐడ్లింగ్ అందురు. ఆ తిరుగుడు మెత్తగా, సమముగా ఉన్నచో ఇంజను ఆరోగ్యముగా ఉన్నట్లు. అది తడబడుచు, వణకుచు, మాటిమాటికి ఆగిపోవుచున్నచో ఎచ్చటనో లోపమున్నట్లు. వైద్యుడు రోగి చేయి పట్టుకొని నాడి చూచినట్లు, అనుభవము గల మెకానిక్కు మొదట ఈ చప్పుడునే వినును.

మన దేశమునకు మోటారు బండ్లు క్రొత్తగా వచ్చిన దినములలో ఈ విద్యను నేర్పువారు మిక్కిలి అరుదు. అట్టి కాలమున ఒక తెలుగు రైతు బిడ్డ ఇంజనును తానే విప్పి, చూచి, మరల బిగించి దాని మర్మమును తెలిసికొనెను. ఆయనయే గోపాలస్వామి దొరస్వామి నాయుడు. లోకము ఆయనను జి. డి. నాయుడు అని పిలిచినది.

నాయుడుగారు 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన కోయంబత్తూరు సమీపమున గల కలంగల్ గ్రామమున జన్మించిరి. తమిళదేశమున తరతరములుగా స్థిరపడి, ఇంటిలో తెలుగు మాటలాడుకొను కుటుంబములు ఆ ప్రాంతమున అనేకములు కలవు. వారిదియు అట్టి కుటుంబమే. తండ్రి గోపాలస్వామి నాయుడు వ్యవసాయదారుడు. తల్లి, బిడ్డ పుట్టిన కొలదికాలమునకే మరణించినది. బాలునకు బడి యనిన గిట్టెడిది కాదు. ఉపాధ్యాయులపై ఇసుక చల్లి పారిపోయెడివాడని చెప్పుదురు. ఆయన జీవితములో విద్యార్థులు అనుసరింపదగినవి అనేకములు కలవు గాని, ఇది మాత్రము వానిలో చేరదు.

యౌవనములో ఒకనాడు ఆయన కంటికి ఒక వింత కనబడినది. రెవెన్యూ శాఖకు చెందిన ఒక ఆంగ్లేయ ఉద్యోగి రడ్జ్ అను పేరుగల మోటారు సైకిలుపై ఆ ఊరికి వచ్చెను. ఎద్దు లేదు, గుఱ్ఱము లేదు. బండి మాత్రము పరుగెత్తుచున్నది. అది ఎట్లు నడచుచున్నదను ప్రశ్న ఆ యువకుని వదలలేదు. దానిని కొనుటకు చేత డబ్బు లేదు. ఆయన కోయంబత్తూరు పోయి ఒక హోటలులో వడ్డన పనికి కుదిరెను. భూమి గల ఇంటి బిడ్డ పరుల ఎంగిలి బల్లల నడుమ తిరుగుట ఆ రోజులలో చిన్న విషయము కాదు. ఏండ్ల తరబడి కూడబెట్టిన కొన్ని వందల రూపాయలతో తుద కా మోటారు సైకిలునే కొనెను.

కొన్నవాడు దానిపై ఎక్కి ఊరేగవలెను గదా! ఆయన అట్లు చేయలేదు. దానిని ఇంటికి తెచ్చి, ముక్క ముక్కగా విప్పి, ఒక్కొక్క భాగమును పరిశీలించి, తిరిగి యథాప్రకారము బిగించెను. ఆయనకు గురువు ఆ యంత్రమే.

ఆ యంత్రములో ఏమున్నదో మనమును కొంచెము తెలిసికొనవలెను. పెట్రోలు ఇంజనుకు కార్బురేటరు అను భాగము ఉండును. అందు పెట్రోలు తుంపరలై గాలితో కలిసి ఇంజనులోనికి పోవును. ఆ కాలపు మోటారు సైకిళ్ళకు గాలి కొకటి, ఆ మిశ్రమమునకు ఒకటి చొప్పున వేరువేరు మీటలుండెడివి. నడుపువాడు చెవితో ఇంజను చప్పుడు వినుచు, చేతితో ఆ రెండింటిని సవరించుకొనవలెను. చెవియు చేయియు కలిసి పనిచేయనిదే బండి సాగెడిది కాదు.

తరువాతి కార్లలో ఈ ఏర్పాటు మెరుగైనది. బండి నిలిచియున్నప్పుడు గాలి పోవు దారిలోని మూత దాదాపుగా మూసికొనును. అప్పుడు పెట్రోలు ఒక సన్నని రంధ్రము గుండ మాత్రమే వచ్చును. అందులో చిన్న నలుసు అడ్డుపడినను ఇంజను ఆగిపోవును. కార్బురేటరునకు సామాన్యముగా రెండు చిన్న స్క్రూలు ఉండును. మొదటిది ఆ మూత పూర్తిగా మూసికొనకుండ ఆపును. దానిని బిగించిన ఇంజను వేగము హెచ్చును, వదులు చేసిన తగ్గును. రెండవది ఆ నెమ్మది తిరుగుడునకు కావలసిన గాలి, పెట్రోలుల పాళ్ళను సరిచేయును.

ఇంజను తడబడగానే తెలియనివాడు స్క్రూ త్రిప్పును. తెలిసినవాడు తొందరపడడు. ముందుగా ఇంజనును చక్కగా వేడెక్కనిచ్చును. ప్లగ్గు విప్పి చూచును. దానికి నల్లని మసి పట్టియున్నచో పెట్రోలు ఎక్కువగుచున్నదని, తెల్లబారియున్నచో గాలి ఎక్కువగుచున్నదని ఊహించును. కార్బురేటరు అతుకుల వద్ద గాలి దొంగచాటుగా చొరబడుచున్నదేమో చూచును. నిప్పురవ్వ సరియైన సమయమున పుట్టుచున్నదో లేదో పరీక్షించును. ఇవన్నియు సరిగా ఉన్న పిదపనే స్క్రూను ముట్టును. రెండవ స్క్రూను మెల్లమెల్లగా త్రిప్పుచు, ఇంజను ఎచ్చట మిక్కిలి హుషారుగా, సమముగా తిరుగునో అచ్చట ఆపును. పిమ్మట మొదటి స్క్రూతో వేగమును తగ్గించును. పాత కార్లలో పెక్కింటికి నిమిషమునకు 600 మొదలు 800 చుట్లు సరిపోవును. అంతకన్న చాల హెచ్చినచో పెట్రోలు వృథా. గేరు వేయునప్పుడు పళ్ళ చక్రములు కిఱ్ఱుమనును. చాల తగ్గినచో బండి నడివీథిలో ఆగిపోయి యజమానిని నవ్వులపాలు చేయును. నేటి కార్లలో ఈ పనిని చాలవరకు ఎలక్ట్రానిక్ పరికరములే చూచుకొనుచున్నవి. నాయుడుగారి కాలమున చెవియే పరికరము.

మెకానిక్కుగా పేరు వచ్చిన పిదప నాయుడుగారు ప్రత్తి వ్యాపారములో దిగి, బొంబాయిలో నష్టపోయిరి. చేతులు కాలిన తరువాత తమకు బాగుగా తెలిసిన విద్యకే మరలిరి. 1920లో కోయంబత్తూరులోని స్టేన్స్ అను ఆంగ్లేయ వ్యాపారి తోడ్పాటుతో ఒక బస్సును సంపాదించి, పొల్లాచి నుండి పళనికి నడుపసాగిరి. అది ఒక్కటే బస్సు. దానిని తామే నడిపిరి. పళని సుబ్రహ్మణ్యస్వామి యాత్రాస్థలము గనుక ప్రయాణికులకు కొదువ లేదు. కాని దారిలో బండి ఆగిపోయినచో ఆనాడు దిక్కెవరు? బాగుచేయ గలవాడే నడుపువాడగుట ఆ బస్సునకు కలిసివచ్చినది.

ఆ ఒక్క బస్సు కొన్ని ఏండ్లలో యూనివర్సల్ మోటార్ సర్వీస్ అను పెద్ద సంస్థగా పెరిగినది. 1930ల నాటికి రెండు వందలకు పైగా బస్సులు ఆ పేరుతో తిరుగుచుండెను. అదే కాలమున, 1932లో, హైదరాబాదు రాజ్యములో నిజాము ప్రభుత్వము 27 బస్సులతో రోడ్డు రవాణాను ప్రారంభించినది. ఒక ప్రభుత్వము ఇరువది యేడు బండ్లతో మొదలిడినదనిన, ఒక రైతు బిడ్డ రెండు వందల బండ్లను సక్రమముగా నడుపుట ఎంతటి పనియో ఊహింపవచ్చును. ఒక బస్సు నిలిచినప్పుడు వ్యర్థముగా త్రాగు పెట్రోలు గుక్కెడే కావచ్చును. రెండు వందల బస్సులు ప్రతిదినము త్రాగినచో అది పీపాల లెక్కకు వచ్చును.

ఆయన చేతులు ఇంజనులతో ఆగలేదు. బ్యాటరీతో పనిచేయు చిన్న మోటారుగల క్షౌరయంత్రమును కల్పించిరి. మిక్కిలి పలుచని బ్లేడులు, పండ్లరసము తీయు యంత్రము, కిరసనాయిలుతో తిరుగు పంకా, మోసమునకు వీలులేని ఓటింగు యంత్రము మొదలైనవి ఆయన పనితనమునకు నిదర్శనములు. 1936లో ఇంగ్లండునందు అయిదవ జార్జి చక్రవర్తి అంత్యక్రియల ఊరేగింపును తమ కెమెరాతో చిత్రించిరి. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి కోయంబత్తూరు చెంత పీలమేడులో విద్యుత్ మోటారును తయారుచేయించిరి. భారతదేశమున తయారైన మొదటి విద్యుత్ మోటారుగా దానిని చెప్పుదురు. ఐదు వాల్వుల రేడియోను డెబ్బది రూపాయలకే తయారుచేయగలనని 1941లో ప్రకటించిరి.

బడి నుండి పారిపోయిన ఆ బాలుడే పెద్దవాడై బడి పెట్టుట విశేషము. 1945లో ఆయన విరాళముతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట సాంకేతిక కళాశాల వెలసినది. నాయుడుగారే దానికి ప్రిన్సిపాలైరి. ఇంజనీరింగు చదువునకు నాలుగేండ్లు అనవసరమనియు, రెండేండ్లు చాలుననియు ఆయన వాదము. ప్రభుత్వము ఒప్పుకొనలేదు. ఆయన పదవిని వదలుకొనిరి. ఈ వాదమును అందరును అంగీకరింపకపోవచ్చును. లెక్కలు, సిద్ధాంతములు నిదానముగా నేర్వవలసినవే. అయినను చేతితో విప్పి చూడక యంత్రము తెలిసినదని తలచు చదువుపై ఆయనకు గల అసంతృప్తి ఆధారము లేనిది కాదు. ఆ కళాశాల తరువాత వేరొక చోటికి మారి, ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా నేటికిని నడచుచున్నది.

ఆయనకు మిక్కిలి బాధ కలిగించినది కారు సంగతి. 1952లో ఇద్దరు కూర్చుండదగిన చిన్న పెట్రోలు కారు సిద్ధమైనది. వెల రెండు వేల రూపాయలు మాత్రమే. సామాన్యుడును కారు కొనగలడని ఆయన ఆశించిరి. కాని దానిని తయారుచేయుటకు కావలసిన లైసెన్సును ప్రభుత్వము ఇయ్యలేదు. ఇంజను ఆగిన కారణము వెదకి సరిచేయుట ఆయనకు తెలియును. కచేరీలో ఆగిన కాగితమును కదలించు స్క్రూ ఎచ్చటనున్నదో ఆయనకును దొరకలేదు. ఆ కారు తయారీ అంతటితో నిలిచిపోయినది.

నాయుడుగారు 1974వ సంవత్సరము జనవరి 4వ తేదీన మరణించిరి. కోయంబత్తూరులో అవినాశి రోడ్డున ఆయన పేరిట ప్రదర్శనశాల కలదు. ఆయన కల్పించిన పరికరములను పాఠశాలల పిల్లలు వచ్చి చూచి పోవుచుందురు. 2015లో అచ్చటనే ఒక కార్ల ప్రదర్శనశాలయు తెరువబడినది. కార్బురేటరు స్క్రూను చేత త్రిప్పి, చెవితో విని సరిచేసిన తరమునకు చెందిన కార్లు అందు బారులు తీరి నిలిచియున్నవి.