బడి తలుపు తీసిన భాగ్యరెడ్డి వర్మ



మీరు హబ్సిగూడలో కోఠి బస్సెక్కితే, కోఠి పక్కనే ఇసామియా బజార్ ఉంటుంది. 1910లో మన పిల్లల కోసం అక్కడ ఒక బడి మొదలైంది. పెట్టినాయన మాదరి భాగయ్య. మనకు భాగ్యరెడ్డి వర్మగా తెలుసు.

1888 మే 22న హైదరాబాదులో, మాల కుటుంబంలో పుట్టారు. పేదరికం. పెద్ద చదువులు లేవు. అయినా పద్దెనిమిదేళ్లకే, 1906లో, జగన్మిత్ర మండలి పెట్టారు. వాడల్లో హరికథలు చెప్పించారు. అక్షరం రానివాళ్లకు ముందు చెవి ద్వారానే చదువు అందాలి కదా! తాగుడు మానమన్నారు. ఆడపిల్లల్ని జోగినులుగా వదలొద్దన్నారు.

నిజాం రాజ్యంలో సర్కారు చదువు ఉర్దూలో సాగేది. ఈయన బళ్లలో తెలుగే. పిల్లవాడు అమ్మతో మాట్లాడే మాటలోనే బడిలోనూ ప్రశ్న అడగొచ్చు. స్వేచ్ఛ అక్కడే మొదలవుతుంది. ఒక్క బడి కాస్తా పెరిగి 26 అయ్యాయి. సుమారు 2,500 మంది పిల్లలు చదువుకున్నారు.

1917లో బెజవాడలో పంచముల మహాసభకు ఆయనే అధ్యక్షుడు. పంచములనే పేరు ఎవరో మనకు తగిలించింది. ఆ సభ దాన్ని వదిలేసి ఆది ఆంధ్ర అనే పేరు తీసుకుంది. మన పేరు మనమే పెట్టుకోవడం కూడా చదువే.

1913లోనే ఆయన హైదరాబాదులో బుద్ధ జయంతి జరిపారు. అంటే బాబాసాహెబ్ నాగపూర్ దీక్షకు 43 ఏళ్ల ముందు! నిజమే, ఆయన ఆర్యసమాజంతో కలిసి నడిచారు, ఆది హిందువు అన్న పేరుతోనే పనిచేశారు. బాబాసాహెబ్ ఆ పేరే వద్దని బయటికొచ్చారు. ఈ తేడాను దాచిపెట్టక్కర్లేదు. విచారించి చూడమనే కదా బుద్ధుడు కాలాములకు బోధించింది.

1939 ఫిబ్రవరి 18న ఆయన కన్నుమూశారు.

ఇప్పుడు మన ఇంటి సంగతి. ఫీజులు కట్టి బళ్లకు పంపుతున్నాం. సాయంత్రం పిల్ల వచ్చి, మనం బౌద్ధులమెందుకయ్యాం అని అడిగితే, నోర్మూసుకుని చదువుకో అంటున్నామా? నేనూ అన్నాను, తర్వాత సిగ్గుపడ్డాను. ప్రశ్నను నొక్కేస్తే త్రిశరణం కూడా బట్టీ పాఠమే అవుతుంది. బడి తలుపు ఆయన తీశారు. ఇంటి తలుపు తీయాల్సింది మనం. ఈ రాత్రి ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకోండి, అడగనివ్వండి. జవాబు తెలియకపోతే ఇద్దరూ కలిసి వెతకండి.

జై భీమ్.