నిద్రకూ మెలకువకూ నెలవు చూపిన ఎకనమో

కాన్‌స్టాంటిన్ ఫాన్ ఎకనమో 1876లో రుమేనియాలోని బ్రయిలా రేవుపట్టణంలో ఒక గ్రీకు కుటుంబంలో జన్మించారు. మరుసటి ఏడాదే ఆ కుటుంబం ట్రియెస్టెకు తరలింది. అది నాడు ఆస్ట్రియా-హంగరీ ఏలుబడిలోని రేవు. బజారులో ఇటాలియన్, సర్కారు కాగితాలలో జర్మన్, చుట్టుపట్ల పల్లెల్లో స్లొవీన్ భాష. ఇంట ఒక భాష, బడిలో మరొకటి ఎరిగిన మన సరిహద్దు పాఠకులకు ఇది వింత కాబోదు.

వియన్నాలో ఇంజనీరింగు చదువు రెండేళ్లకే విడిచి వైద్యంలో చేరి, 1901లో పట్టా పొందారు. విమానాలన్నా ఆయనకు ప్రాణం. మొదటి ప్రపంచయుద్ధంలో విమానం నడిపారు. యుద్ధంలో సోదరుడు మరణించగా, తల్లిదండ్రుల కోరికపై 1916లో వియన్నా ఆసుపత్రికి తిరిగివచ్చారు.

ఆ చలికాలంలోనే విచిత్రమైన రోగులు రాసాగారు. అన్నం నములుతూనే నిద్రలోకి జారిపోయేవారు. లేపితే లేచి, అడిగినదానికి బదులిచ్చి, మళ్లీ నిద్రించేవారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క జబ్బు పేరు రాసి పంపారు. ఇవన్నీ ఒకే కొత్త రకం మెదడువాపు అని 1917లో ప్రకటించినవారు ఎకనమో. దాదాపు పదేళ్లు ప్రపంచమంతా చుట్టిన ఆ వ్యాధికి కారణం నేటికీ తేలలేదు. బ్రతికి బయటపడినవారిలో పలువురికి తరువాత అవయవాలు బిగుసుకుపోయాయి; కొందరు పిల్లల నడవడి పూర్తిగా మారిపోయింది.

మృతుల మెదళ్లను ఆయన సూక్ష్మదర్శినిలో పరీక్షించారు. అతినిద్ర రోగులలో హైపోథాలమస్ వెనుక భాగం దెబ్బతిన్నది. నిద్రే పట్టక అల్లాడినవారిలో ముందు భాగం. మెలకువకు మెదడులో ప్రత్యేక స్థానం ఉన్నదని ఆయన నిర్ణయించారు. మందులూ యంత్రాలూ అంతగా లేని రోజులలో ఇది సామాన్యమైన ఊహ కాదు.

1931లో, 55వ ఏట, గుండెజబ్బుతో ఎకనమో కన్నుమూశారు. హిస్టమిన్‌ను తయారుచేసే మెదడు కణాలు సరిగ్గా ఆ వెనుక భాగంలోనే ఉన్నాయని 1984లో వెల్లడైంది. దురద, తుమ్ములు పుట్టించే ఆ పదార్థమే మెదడును మేల్కొలిపి ఉంచుతుంది. పాతరకం జలుబు మాత్రలు దానిని అక్కడా అడ్డుకుంటాయి, అందుకే మత్తు. అయితే ఆ రోగులలో నశించినవి హిస్టమిన్ కణాలు మాత్రమే అనుకోవడం తొందరపాటు. మెలకువకు తోడ్పడే ఇతర కణాలూ ఆ దాపునే ఉన్నాయి. పగటిపూట ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే నార్కొలెప్సీ జబ్బుకు, మెదడులో హిస్టమిన్‌ను పెంచే పిటోలిసాంట్ అనే మందును ఐరోపాలో 2016లో అనుమతించారు.