టోపి మేస్త్రీ కట్టిన పండుగ

రియో కార్నివాల్‌ను టీవీల చూసే ఉంటరు. నెత్తి మీద ఈకల కిరీటాలు, తళతళ మెరిసే బట్టలు, ఇంతింత ఎత్తు బండ్లు, వేల మంది ఒక్క దరువుకు ఆడుకుంట పోతరు. చూసినోళ్లకు అది సర్కారు జేసే జాతర అనిపిస్తది. గని దాన్ని నిలవెట్టింది గుట్టల మీది బస్తీలోళ్లు. ఆ ఊరేగింపుల నడిచే ఒక్కో దళాన్ని సాంబా స్కూల్ అంటరు. పేరుకే స్కూలు, పలకా బలపం ఏం ఉండవు. బస్తీ జనమంత కలిసి పాట కట్టి, దరువు నేర్చి, బట్టలు కుట్టుకునే సంఘం అది. వాటిల్ల బాగ పేరున్నది మంగేయిరా. దానికి పేరు, రంగులు పెట్టినోడు కార్తోలా అనే తాపీ మేస్త్రీ.

1908ల రియోల పుట్టిండు. అసలు పేరు అంజెనోర్ డి ఒలివేరా. ఆ సంగతి ఆయనకే తెల్వదు. అజెనోర్ అనుకుంటనే బతికి, 1964ల పెండ్లి కోసం కాయితాలు తీస్తే అప్పుడు తెల్సుకున్నడు. నాయిన కవకీన్యో అనే నాలుగు తీగల చిన్న గిటారు వాయిస్తుండె. కొడుకు ఆయన దగ్గర్నే నేర్చిండు. ఇంట్ల పైసల కటకటై, పోరనికి పదకొండేండ్లప్పుడు మంగేయిరా గుట్టకు మకాం మార్చిర్రు. అప్పుడు ఆడ గుడిసెలు లెక్కవెట్టేటన్నే. సదువు ప్రైమరీతోనే ఆగింది. అమ్మ సచ్చిపోయింది. నాయినతోని పడక ఒంటరోడైతే, పక్కింటి దియోలిండా ఆదుకున్నది. తర్వాత ఇద్దరు కలిసే బతికిర్రు. పనికి పోయినప్పుడు నెత్తి మీద సిమెంటు పడకుండ గుండ్రటి టోపి పెట్టుకునేది. తోటి కూలోళ్లు ఎగతాళికి కార్తోలా అన్నరు. పోర్చుగీసుల దొర టోపి అన్నట్టు.

ఆ రోజులల్ల సాంబా అంటే నల్లజాతోళ్ల అల్లరి లెక్క చూసేటోళ్లు. డోలు చప్పుడు ఇనవడితే పోలీసులు దిగేటోళ్లు. 1928ల కార్తోలా, ఆయన దోస్తులు కలిసి స్కూల్ పెట్టిర్రు. టేసన్ కాడికెళ్లి రైలెక్కితే సాంబా ఇనవడే మొదటి స్టేషన్ తమదే అని దానికి ‘మొదటి స్టేషన్ మంగేయిరా’ అని పేరు వెట్టిండు. చిన్నప్పుడు తమ వాడల తిరిగిన ఊరేగింపు దళం రంగులే, ఆకుపచ్చ గులాబీ, దీనికీ తెచ్చిండు. (మన దగ్గర గులాబీ అంటే పార్టీ యాదికొస్తది గని, దీనికి దానికి సంబంధం లేదు.) 1932ల ఒక ఆటల పేపరోళ్లు స్కూళ్ల నడుమ మొదటి పోటీ పెడితే మంగేయిరానే గెలిచింది.

పాటకు మాత్రం అడ్డికి పావుశేరు ధర. పట్నం గాయకులు గుట్టెక్కొచ్చి పాటలు కొనుక్కపోయేటోళ్లు. మొదలు ఒకాయన వచ్చి పాట అమ్ముతవా అని అడిగితే, పాటను కూడ కొంటరా అని కార్తోలాకే పరేషానైంది. 300 మిల్-రైస్‌లకు ఇచ్చిండు. రేడియోల మోగిన గొంతు వేరేటోళ్లది. 1940ల స్టొకోవ్‌స్కీ అనే అమెరికా సంగీత దర్శకుడు ఓడల దిగి, బ్రెజిల్ పాటలు రికార్డు చేయించుకున్నడు. వాటిల్ల కార్తోలాది ఉన్నది. ఆ రికార్డులు అమెరికాల అమ్ముడువోయినయి. ఆయన గుట్ట మీద్నే ఉన్నడు.

1946ల మెనింజైటిస్ వచ్చి చావు దాక పోయొచ్చిండు. తర్వాత దియోలిండా పోయింది. ఇగ ఆ గుట్ట మీద ఉండబుద్ధి గాక ఎటో వెళ్లిపోయిండు. సచ్చిపోయిండనే అనుకున్నరు శానమంది. మంగేయిరా మాత్రం ఏటేటా అవే రంగులల్ల ఊరేగుతనే ఉన్నది. 1956ల ఒక రాత్రి సెర్జియో పోర్తో అనే జర్నలిస్టు ఇపనేమాల ఒక హోటల్ల ఆయన్ను గుర్తువట్టిండు. తడిసిన బట్టలతోని ఉన్నడు. రాత్రిళ్లు కార్లు కడుగుడు ఆయన పని. ఊరంత పాడుకునే పాటలు కట్టిన మనిషికి దొరికిన నౌకరి అది! పోర్తో రేడియోల పని ఇప్పించిండు. తర్వాత ఒక మంత్రిత్వ శాఖల చప్రాసి కొలువు దొరికింది, కాఫీలు అందియ్యాలె. గా ఆఫీసుల ఎందరికి తెల్సో ఆ కాఫీ తెచ్చేటాయన ఎవరన్నది.

ఆయన్ను మల్ల మనిషిని జేసింది జీకా. మంగేయిరా ఆడబిడ్డనే, వంటల దిట్ట. 1963ల ఇద్దరు కలిసి పట్నం నడుమ జీకార్తోలా అని హోటల్ తెరిచిర్రు. ఆమె వండేది, ఆయన పాడేటిది. గుట్ట మీది ముసలి పాటగాండ్లు, పట్నం కాలేజీ పోరగాండ్లు ఒక్క బల్ల కాడ కూసున్నరు. పౌలిన్యో ద వియోలా అసొంటి పాటగాడు మొదలైంది ఆడికెళ్లే. గని ఇద్దరికీ యాపారం తెల్వదు, రెండేండ్లల్ల మూతవడ్డది.

సొంత గొంతుతోని మొదటి ఎల్పీ వచ్చింది 1974ల. ఆయనకు అప్పటికి అరవై ఐదేండ్లు. యాభై ఏండ్ల కింద పాట మొదలువెట్టిన మనిషికి! తర్వాత ఇంక మూడు ఎల్పీలు తెచ్చిండు. 1980 నవంబర్ 30న క్యాన్సర్‌తోని పోయిండు.

నాలుగేండ్లకు, 1984ల, ఊరేగింపు కోసమని సర్కారు పెద్ద కాంక్రీటు బాట, దాని పొంటి గ్యాలరీలు కట్టింది. ఆ ఏడు మంగేయిరా దళం బాట చివరిదాక పోయి అందరి లెక్క ఇండ్లకు పోలే. మర్లి, దరువు కొట్టుకుంట, వచ్చిన తొవ్వనే ఎనుకకు నడిచింది. జనం గ్యాలరీలు దిగి ఎంటవడ్డరు. గెలిచింది గూడ వాళ్లే.