బ్రూస్ లీ కిక్ వెనుక ఒక నోట్‌బుక్



కరాటే క్లాసుకు పంపితే పిల్లాడు కొట్లాటలు నేర్చుకుంటాడేమో అని చాలామంది పేరెంట్స్ భయపడతారు. ఒకప్పుడు బ్రూస్ లీ ఇంట్లో కూడా ఇదే భయం ఉండేది.

బ్రూస్ లీ 1940 నవంబర్ 27న అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టారు. నాన్న చైనా సంగీత నాటకాల నటుడు. బాబుకు కొన్ని నెలలు నిండేసరికి కుటుంబం హాంకాంగ్ తిరిగి వచ్చింది. 1941 డిసెంబర్‌లో జపాన్ సైన్యం హాంకాంగ్‌ను ఆక్రమించి, 1945 వరకు పాలించింది. ఆయన పసితనం ఆ పరాయి సైన్యం నీడలోనే గడిచింది.

చిన్నప్పటి నుంచే సినిమాల్లో నటించారు. చదువు మీద మాత్రం ధ్యాస లేదు, వీధిలో రోజూ గొడవలే. ఇప్ మాన్ అనే గురువు దగ్గర కుంగ్‌ఫూ నేర్చుకున్నా ఆ గొడవలు ఆగలేదు. చివరికి 1959లో తల్లిదండ్రులు 100 డాలర్లు చేతిలో పెట్టి అమెరికా పంపించారు. సియాటిల్‌లో హోటల్‌లో పని చేస్తూ స్కూలు చదువు పూర్తి చేశారు. 1961లో వాషింగ్టన్ యూనివర్సిటీలో చేరి ఫిలాసఫీ కూడా చదివారు. జాతి భేదం చూడకుండా అందరికీ కుంగ్‌ఫూ నేర్పారు.

1970లో వెన్నుకు పెద్ద దెబ్బ తగిలింది. ఇక కిక్ కొట్టడం కుదరదని డాక్టర్లు చెప్పారు. నెలల తరబడి మంచం మీదే ఉంటూ పుస్తకాలు చదివారు, తన విద్య గురించి నోట్‌బుక్‌లు నింపారు. ఆయన రాసుకున్న నోట్స్ 1975లో పుస్తకంగా వచ్చింది.

కోలుకున్నాక హాంకాంగ్‌లో తీసిన చిన్న బడ్జెట్ సినిమా 'ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ' 1972లో విడుదలైంది. కథ పాతకాలపు షాంఘైలో జరుగుతుంది. చనిపోయిన గురువు పేరు నిజమైనదే: 1910లో మరణించిన హువో యువాంజియా. శిష్యుడు చెన్ జెన్ మాత్రం కల్పిత పాత్ర. జపాన్ వాళ్లు చైనీయులను రోగిష్టి జాతి అని వెక్కిరిస్తూ బోర్డు పంపితే, అతను ఒక్కడే వెళ్లి అందరినీ ఓడిస్తాడు. చైనీయులకు ప్రవేశం లేదన్న పార్కు బోర్డును గాలిలోకి ఎగిరి తన్ని ముక్కలు చేస్తాడు. కొమురం భీం, అల్లూరి కథలు వింటే మన పిల్లలకు ఎలా అనిపిస్తుందో, ఆ సీన్ చూసిన చైనా ప్రేక్షకులకు అలా అనిపించింది.

అయితే కథ అక్కడితో ఆగదు. అతను పగ తీర్చుకునేలోపు అవతలివాళ్లు అతని తోటి విద్యార్థులను చంపేస్తారు. మిగిలినవాళ్లను కాపాడటానికి అతను లొంగిపోతాడు, చివరికి తుపాకుల ఎదురుగా దూకుతాడు. కోపానికి ఎంత మూల్యం చెల్లించాలో ఆ సినిమా దాచలేదు. పిల్లలతో కలిసి చూస్తే ఈ భాగం గురించి తప్పకుండా మాట్లాడండి.

1973 జులై 20న మెదడు వాపుతో బ్రూస్ లీ చనిపోయారు. వయసు 32 ఏళ్లే. పేరు తెచ్చిన 'ఎంటర్ ది డ్రాగన్' విడుదలను ఆయన చూడలేదు. 2015లో రామ్ చరణ్ సినిమాకు కూడా ఆయన పేరే పెట్టారంటే, ఆ పేరుకు మన దగ్గర ఎంత గుర్తింపు ఉందో తెలుస్తుంది.

ఆయనకు దూరపు చూపు సరిగ్గా ఉండేది కాదు, ఒక కాలు కాస్త పొట్టి. వీధి గొడవల పిల్లాడిని బ్రూస్ లీగా మార్చింది రోజువారీ ప్రాక్టీస్, చదువు, రాసుకునే అలవాటు. అందుకే మీ బాబు గానీ పాప గానీ క్లాసు నుంచి ఇంటికి రాగానే ఎవరిని ఓడించావని అడగకండి. ఈ రోజు ఏం నేర్చుకున్నావో నాలుగు లైన్లు రాయమని ఒక నోట్‌బుక్ ఇవ్వండి.